నాలుగోసారి నలభై ఒకటి

మంగళవారం మధ్యాహ్నం నాలుగు గంటలకు కృప నాలుగో అంకె చెప్పింది.

"నలభై ఒకటి, మేడం."

మాలతి రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. "మళ్ళ చూడు."

"రెండుసార్లు చూసిన మేడం. మొదలు నలభై ఒకటిన్నర వచ్చె. ఇప్పుడు నలభై ఒకటి."

వనపర్తిలోని ఆ పీజీ కాలేజీ రెండో అంతస్తులో కెమిస్ట్రీ ల్యాబు ఉంది. రెండో ఏడాది విద్యార్థులు ఏడుగురు తలా ఒక బల్ల దగ్గర ఉన్నారు. అటెండరు గోవిందు సింకు దగ్గర సీసాలు కడుగుతున్నాడు. లెక్చరర్ మాలతి రాస్తున్నది వచ్చే బుధవారం నాగర్‌కర్నూల్‌లో జరిగే సదస్సుకు పంపాల్సిన ఒక పేజీ. కృప వడ్డేపల్లి దగ్గర తమ ఊరి నుంచి సంచిలో మోసుకొచ్చిన నల్లరేగడి మట్టిని కడిగి, ఎండబెట్టి, గంధకామ్లం పట్టించి, మళ్ళీ ఎండబెట్టి పొడి చేశారు. కానుగ నూనె నుంచి తీసిన కొవ్వు ఆమ్లంలో మిథనాల్ పోసి, ఈ పొడి రెండు చెంచాలు వేసి మూడు గంటలు వేడి మీద తిప్పితే డీజిలు ఇంజన్లో పోసుకోదగ్గ నూనె తయారవుతుంది. నూటికి ఎంత ఆమ్లం నూనెగా మారిందన్నదే కృప చెబుతున్న అంకె. ఒకసారికి మంచి అంకె రావడం పెద్ద విషయం కాదు. అదే మట్టిని వడకట్టి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ మళ్ళీ వాడినా పనిచేయాలి. "అయిదుసార్లు వాడినా తొంభైకి తగ్గదు" అని మాలతి ముందే రాసేసింది. ఆరేళ్ళుగా సాగుతున్న ఆమె పీహెచ్‌డీలో మూడో అధ్యాయమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది.

కృప నోటు పుస్తకంలో తొంభై మూడు, డెబ్బై ఎనిమిది, అరవై, నలభై ఒకటి అని ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"మేడం, ఇంకోటి చూసిన," అంది కృప. "మట్టిని వడగట్టినంక కిందికొచ్చిన మిథనాల్‌ల నీళ్ళు కలిపి బేరియం క్లోరైడ్ ఏసిన. పాలలెక్క తెల్లగైంది. మనం పట్టిచ్చిన యాసిడ్ మట్టిల ఉంటలేదు మేడం. ప్రతిసారి కొంత ఊడి దాంట్లకే పోతుంది."

"అది చెయ్యమని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. అంకె తగ్గుతుంటే ఎందుకా అని..."

మాలతి కలం కింద పెట్టింది. ఈ వారమంతా ఆమెకు నిద్ర సరిగా లేదు. నాగర్‌కర్నూల్ సదస్సుకు గైడు వస్తున్నాడు. లేచి కృప బల్ల దగ్గరికి నడిచి, అక్కడున్న గుండ్రటి సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. ఏమీ కనబడలేదు. అయినా గట్టిగానే అంది.

"సీసలు మంచిగ కడిగితే తగ్గదు. ఇవి మీ ఇంట్ల గిన్నెలు కావు, తోమీ తోమనట్టు ఇడిచిపెట్టనీకి. శుభ్రం అంటే ఏందో మీకు తెలిస్తే గద."

కృపను ఆమె ఎప్పుడూ 'నువ్వు' అనే పిలుస్తుంది. ఇప్పుడు 'నీకు' అనలేదు, 'మీకు' అంది. ఆ 'మీకు'లో ఎవరెవరున్నారో ల్యాబులో అందరికీ తెలిసింది. రెండో బల్ల దగ్గర సుప్రియ చేతిలోని గాజుకడ్డీ ఆగిపోయింది. శ్రవణ్ కుమార్ కిటికీలోంచి బయటికి చూశాడు.

కృప బ్యూరెట్టులో మిగిలిన క్షారాన్ని పారబోసి, మూడుసార్లు నీళ్ళు పోసి కడిగి, నాలుగోసారి శుద్ధజలం నింపి స్టాండుకు బిగించింది. మట్టిని వడపోత కాగితంతో సహా గాజుపళ్ళెంలోకి తీసి, పైన తేదీ రాసి పెట్టింది. నోటు పుస్తకం తెచ్చి మాలతి టేబుల్ మీద ఉంచింది.

"పోతున్న మేడం," అంది. బ్యాగు భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది.

*

బుధవారం కృప రాలేదు. ఆ పనిని మాలతి శ్రవణ్‌కు అప్పజెప్పింది. "తొంభైకి తగ్గొద్దు. సీసలు నువ్వే దగ్గరుండి కడుగు," అని చెప్పింది. గురువారం ఆమె యూనివర్సిటీ పని మీద మహబూబ్‌నగర్ వెళ్ళింది. శుక్రవారం పొద్దున్న వచ్చేసరికి టేబుల్ మీద కాగితం ఉంది. తొంభై మూడు, తొంభై రెండు, తొంభై రెండు, తొంభై ఒకటి.

మాలతికి గుండె తేలికయింది. అంకెలను తన పేజీలో ఎక్కించి, మొదట తన పేరు, తర్వాత గైడు పేరు, చివర శ్రవణ్ కుమార్ పేరు రాసి పంపేసింది. వేసవిలో హైదరాబాదు ల్యాబులో రెండు నెలలు పనిచేయడానికి ఒక విద్యార్థి పేరు పంపాల్సి ఉంది. ఆ కాగితం కూడా బయటికి తీసింది.

గోవిందు చాయ్ తెచ్చి పెట్టాడు. వెళ్ళబోతూ ఆగాడు.

"ఓవెన్‌ల వడపోత కాయితాలు తీయాల్నా మేడం? ఇంక తడిగనే ఉన్నయి. నిన్న పొద్దంత కరెంటు లేకపాయె."

"ఎప్పటిసంది లేదు?"

"తొమ్మిదింటికి పోయింది. లైను పని చేసిన్రంట. వచ్చేసరికి అయిదు దాటింది."

గోవిందు వెళ్ళాక మాలతి చాయ్ తాగలేదు. ఒక్కోసారికి మూడు గంటల వేడి, తర్వాత గంటన్నర ఆరబెట్టడం. బుధవారం ఒక్కరోజులో రెండుసార్లు కంటే ఎక్కువ కుదరదు. గురువారం కరెంటే లేదు. అంకెలు నాలుగున్నాయి.

శ్రవణ్‌ను పిలిపించింది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"రెండోసారి నిజంగ ఎంత వచ్చింది?"

"డెబ్బై తొమ్మిది మేడం."

"మూడోది, నాలుగోది?"

"చెయ్యలే."

"మరి గివి ఏడికెల్లి వచ్చినయి?"

"మీరే గద మేడం, తొంభైకి తగ్గొద్దంటిరి."

మాలతి అతనివైపు చూస్తూ ఉండిపోయింది. కోపం వచ్చింది, కాని నోటికి మాట రాలేదు. కాసేపయ్యాక, ఏ మాట రాలేదో ఆమెకు తెలిసింది. ఈ పిల్లాడి ఇంటి గురించి, వాళ్ళమ్మ నేర్పిన దాని గురించి అనాలన్న ఊహ కూడా తనకు రాలేదు. శ్రవణ్ వాళ్ళది పెబ్బేరు దగ్గర పదెకరాలున్న రైతు ఇల్లు. మాలతి పుట్టిల్లు కూడా అలాంటిదే.

"పో," అంది. "క్లాసుకు పో."

ఆ రోజు ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని తనే బల్ల దగ్గర నిలబడింది. ఇలా నిలబడి నాలుగేళ్ళు అయింది. కృప వాడిన సీసా బీరువాలో ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. దాన్ని మళ్ళీ కడగబోతూ ముందు కొన్ని నీళ్ళు పోసి తిప్పి వంచింది. గాజు సరిగ్గా శుభ్రం కాకపోతే నీళ్ళు చుక్కలు చుక్కలుగా అంటుకుని ఉండిపోతాయి. ఈ సీసాలో నీళ్ళు ఒక్క చుక్క కూడా నిలవకుండా పలచటి పొరలా జారిపోయాయి. పక్కన ఉన్న మరో సీసా తీసి చూసింది. అదీ అంతే. మూడోదీ అంతే. ఆమె వాటిని మళ్ళీ కడగకుండానే వాడింది.

కొత్త మట్టి తూచి వేసింది. నూనె తొట్టి వేడెక్కేదాకా ఉష్ణమాపకం చూస్తూ నిలబడింది. అరవై అయిదు దాటి అరవై ఎనిమిదికి పోబోతుంటే వేడి తగ్గించింది. సీసాలో అయస్కాంతపు కడ్డీ తిరుగుతుంటే నల్లటి పొడి పైకి లేచి సుడి తిరిగింది. మూడు గంటలయ్యాక వడకట్టి, చిన్న మోతాదు తీసి క్షారం చుక్కలు వదిలింది. గులాబీ రంగు వచ్చి పోయింది. వచ్చి పోయింది. ఒక చుక్కకు నిలిచింది. లెక్క వేస్తే తొంభై రెండు వచ్చింది. మట్టిని మిథనాల్‌తో కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రానికి డెబ్బై ఏడు. శనివారం మూడోసారి అరవై.

చివర వడకట్టిన మిథనాల్‌ను ఒక పరీక్షనాళికలో పోసింది. నీళ్ళు కలిపింది. బేరియం క్లోరైడ్ నాలుగు చుక్కలు వేసింది. తేటగా ఉన్న నీరు మొదట మబ్బు పట్టింది, తర్వాత తెల్లగా అయింది. నాళికను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. తెలుపు నెమ్మదిగా అడుగుకు దిగుతూ ఉంది. మంగళవారం ఆ పిల్ల చూసింది ఇదే. చూసి, ఎందుకని అడిగి, తనంతట తాను దారి వెతికి, జవాబు తెచ్చి చెప్పింది. ఆరేళ్ళలో తాను ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయలేదు.

గైడుకు ఫోన్ చేసింది. అతను అంతా విన్నాడు.

"చూడమ్మా, బుధవారం కానియ్యి. ఇప్పుడు ఎవరడుగుతరు?" అన్నాడు. "థీసిస్‌ల తర్వాత సర్దుకుందాం. ఇప్పుడు గిది కదిలిస్తే నీ మూడో అధ్యాయం ఏంగావాలె?"

"సరే సర్," అని పెట్టేసింది. ఆ 'సరే' ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే చెవుల్లో వినిపించింది. ల్యాబులో ఎవరూ లేరు. అయినా ముఖం వేడెక్కింది. కొంగుతో తుడుచుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, సదస్సువాళ్ళకు ఇంకో పేజీ రాసింది. మట్టి నుంచి ఆమ్లం ఊడిపోతున్నదని, మూడు వాడకాల్లో అరవైకి పడిపోయిందని రాసింది. పేర్లు రాయాల్సిన చోట మొదట కృప పేరు రాసి, కాసేపు చూసి పంపింది. పంపాక కూడా ముఖంలో వేడి తగ్గలేదు. అంకెలు దిద్దుకోవడానికి అరగంట పట్టింది. మిగిలింది అంకె కాదు.

*

ఆదివారం పొద్దున్నే మాలతి కృప ఊరికి బయల్దేరింది. పెబ్బేరులో బస్సు మారి, కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా శాంతినగర్‌లో దిగి ఆటో ఎక్కింది. కృప ఫోన్ ఎత్తలేదు. అడ్రసు కాలేజీ రికార్డులో ఉంది. ఊళ్ళో అడిగితే ఒక ముసలాయన, "సారమ్మ బిడ్డనా? ఇంట్ల ఎవ్వరుండరు ఇప్పుడు. క్రాసింగ్ కాడ ఉంటరు," అని కాలువ అవతలి చేను చూపించాడు.

అది విత్తనపత్తి చేను. వరుసలు నడుం ఎత్తు పెరిగాయి. రాత్రి వాన పడినట్టుంది, నల్లటి మట్టి చెప్పులకు అంటుకుని అడుగడుగుకూ బరువెక్కింది. పదిహేనుమంది ఆడవాళ్ళు వరుసల్లో వంగి ఉన్నారు. ముందురోజు సాయంత్రం మొగ్గల రేకులు గిల్లి, లోపలి పుప్పొడి తొడుగు గోటితో తీసేస్తారు. మరునాడు పొద్దున్న మగ పువ్వు తెచ్చి, ఆ మొగ్గ మధ్యలో నిలిచిన సన్నటి కాడకు పుప్పొడి రాస్తారు; క్రాసింగ్ అంటే ఇదే. మాలతి అన్న కూడా ఇదే పంట వేస్తాడు. ఆమె ఎన్నోసార్లు గట్టు మీద నిలబడి చూసింది. వరుసలోకి ఎప్పుడూ దిగలేదు.

ఈసారి దిగింది. కృప మూడో వరుసలో ఉంది. ఎడమ చేతిలో మగ పువ్వు, కుడి చేత్తో కొమ్మను వంచి, తాకించి వదిలేస్తోంది. ఒక పువ్వుతో నాలుగు కాడలకు రాసి, పువ్వు పారేసి, నడుముకు కట్టిన గుడ్డసంచిలోంచి ఇంకోటి తీసుకుంటోంది. వేళ్ళన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి.

మాలతిని చూసి ఆగింది. "మేడం," అంది. అంతే.

వెనక వరుసలోంచి ఒక ఆమె నడుం పట్టుకుని లేచింది. నలభై అయిదేళ్ళుంటాయి. తలకు తువ్వాలు చుట్టుకుంది.

"ఎవరు బిడ్డా?"

"మా మేడం అమ్మా. కాలేజీల."

సారమ్మ గబగబా తువ్వాలు విప్పి చేతులు తుడుచుకుంది. "అయ్యో, ఇంత దూరం వచ్చిన్రా మేడం? ఆదివారం పూట రాకపోయెటోళ్ళం, ఏం చేస్తం, పువ్వు ఆదివారమని ఆగదు గద. సందెకు పోతం చర్చికి." కూర్చోమనడానికి అక్కడ ఏమీ లేదు. ఆమె అటూ ఇటూ చూసి ఊరుకుంది. తర్వాత నవ్వుతూ అడిగింది. "సెలవులు ఇంక ఎన్నొద్దులు మేడం? పిల్ల ఉంటే నాకు ఆసరైంది గని, దాని సదువు ఎనకబడుతదేమోనని పరేషాన్."

మాలతి కృపవైపు చూసింది. కృప కళ్ళు దించుకోలేదు. చెప్పమని గాని వద్దని గాని ఆ చూపులో లేదు. తల్లికి సెలవులని చెప్పి వచ్చిందన్నమాట. 'ఇంకో వారం' అంటే చాలు. ఆ పిల్ల కాదనదు. తర్వాత గట్టు మీదకు పిలిచి చాటుగా మాట్లాడుకోవచ్చు. మాలతి నోట్లో ఆ మాట తయారుగానే ఉంది.

"సెలవులు గాదమ్మా," అంది.

సారమ్మ ముఖం మారింది. "పిల్ల ఏమన్న తప్పు చేసిందా మేడం? ఏమన్న పగలగొట్టిందా? చేస్తే చెప్పుండ్రి, నేను..."

"తప్పు నాది. తను చేసిన లెక్క కరెక్టు. నేనే నమ్మలే. మొన్న శుక్రవారం, శనివారం నేను సొంతంగ చేసి చూసిన. తను చెప్పినట్టే వచ్చింది." ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "బుధవారం నాగర్‌కర్నూల్‌ల మీటింగ్ ఉంది. దాంట్ల మొదటి పేరు కృపదే రాసిన. హైదరాబాదుకు పంపే పేరు గుడ్క తనదే."

సారమ్మకు అందులో సగం అర్థమయినట్టు లేదు. "మరి పిల్ల ఎందుకొచ్చింది మేడం ఇంటికి?"

"నేనొక మాటన్న."

"ఏమంటిరి?"

ఏడు గంటల ప్రయాణంలా అనిపించిన ఆ మూడు గంటల దారిలో మాలతి చాలా మాటలు సిద్ధం చేసుకుంది. కోపంలో నోరు జారానని, మనసులో ఏమీ లేదని. ఈ ప్రశ్న ఒక్కటి అందులో లేదు. పక్క వరుసల్లో ఆడవాళ్ళు పని ఆపలేదు గాని మాటలు ఆపేశారు.

"సీసలు సరిగ కడగలేదన్న. ఇవి మీ ఇంట్ల గిన్నెలు గావు... తోమీ తోమనట్టు ఇడిచిపెట్టనీకి అన్న. శుభ్రం అంటే ఏందో... మీకు తెలిస్తే గద అన్న."

ల్యాబులో ఆ మాట ఒక్క క్షణంలో అయిపోయింది. ఇక్కడ, ఈమె ముఖం చూస్తూ అంటుంటే ఒక్కో పదం విడివిడిగా వచ్చింది. అన్నాక మాలతి మట్టిలో దిగబడిన తన చెప్పులవైపు చూస్తూ ఉండిపోయింది.

సారమ్మ సంచిలోంచి మగ పువ్వు తీసింది. పక్కనున్న కొమ్మ వంచి ఒక కాడకు రాసింది. తర్వాత ఇంకో కాడకు.

"మీరెప్పుడన్న మా ఇంటికి వచ్చిన్రా మేడం?" అని అడిగింది.

"లేదు."

"మా గిన్నెలు జూసిన్రా?"

"లేదమ్మా."

"మరి ఎట్లంటిరి?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. మాలతి జవాబు కోసం వెతికింది. జవాబు ఉంది. చిన్నప్పటి నుంచి తమ ఇంట్లో, వీధిలో, పెళ్ళిపందిళ్ళలో, స్టాఫ్ రూములో విన్నదే ఆ జవాబు. అది ఈమెకు చెప్పగలిగింది కాదు.

"తప్పు," అంది. "నాది తప్పు."

సారమ్మ తల ఊపింది. ఒప్పుకున్నట్టో, విన్నట్టో తెలియలేదు. "పన్నెండయితే పువ్వు వాడిపోతది మేడం. ఈ వరుస అయిపోవాలె," అని వంగింది.

మాలతి గట్టువైపు తిరిగింది. కృప వెనకే వచ్చింది. గట్టు ఎక్కాక చేతులు దులుపుకుంటూ నిలబడింది.

"రేపు వస్తవా?" అని అడిగింది మాలతి.

"పేరు రాసినందుకు సంతోషమే మేడం," అంది కృప. "మూడోసారి మీకెంత వచ్చింది?"

"అరవై."

కృప ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "నాకు గూడ అరవైయే."

"అవును."

"మేడం," అని కృప కొంచెం ఆగింది. "ఇక్కడ మా అమ్మకు చెప్పిన్రు. అది మీరు చెప్తరనుకోలే. గని మీరన్నది ల్యాబుల అన్నరు. అక్కడ ఏడుగురున్నరు. గోవిందన్న ఉండె. అందరు ఇన్నరు. అక్కడనే చెప్పుండ్రి."

"చెప్త."

"అయితే వస్త," అంది. తిరిగి వరుసలోకి దిగి, ఎక్కడ ఆపిందో ఆ కొమ్మను వెతికి పట్టుకుంది.

*

సోమవారం రెండో పీరియడు ల్యాబు. మాలతి ముందుగానే వచ్చింది. రాత్రంతా ఒక ఆలోచన ఆమెను వదల్లేదు. అంకెల సంగతి అందరికీ చెప్పి, 'కృపను నేను తిట్టడం పొరపాటు' అంటే సరిపోదా? వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఆ మాటను మళ్ళీ నోటితో అనడమెందుకు? మెట్లు ఎక్కుతున్నప్పుడు కూడా అదే అనుకుంది.

విద్యార్థులు వచ్చారు. కృప చివర వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడుక్కుంది. గోళ్ళ చుట్టూ పసుపు ఇంకా పోలేదు. తన బల్ల దగ్గర నిలబడింది. శ్రవణ్ ఎవరివైపూ చూడడంలేదు.

మాలతి బోర్డు మీద మూడు వరుసల అంకెలు రాసింది. కృపవి, తనవి, శ్రవణ్‌వి. మట్టి నుంచి ఆమ్లం ఎలా ఊడిపోతుందో, బేరియం పరీక్ష ఏం చెప్పిందో వివరించింది. ఇది తేలిగ్గానే సాగింది. పాఠం చెప్పడం ఆమెకు అలవాటే. "మూడో వరుస దొంగ అంకెలు," అంది. "శ్రవణ్ రాసిండు. గని తొంభైకి తగ్గొద్దని చెప్పింది నేను. నాకు కావాల్సింది రాగానే ఒక్క ప్రశ్న గుడ్క అడగలే. కృప నిజం చెప్తే నమ్మలే. నేను..."

ఇక్కడ ఆపేయవచ్చు. సుప్రియ పుస్తకం మూయబోతోంది కూడా. మాలతికి పత్తి చేనులో ఒక్కో పదం ఎంత బరువుగా వచ్చిందో గుర్తొచ్చింది. సుద్దముక్క కింద పెట్టింది.

"మంగళవారం నేను కృపను ఏమన్ననో మీరందరు విన్నరు," అంది. "మీ ఇంట్ల గిన్నెలు గావు, తోమీ తోమనట్టు ఇడిచిపెట్టనీకి అన్న. శుభ్రం అంటే ఏందో మీకు తెలిస్తే గద అన్న. అది సీసల గురించి అన్న మాట గాదు. సీసలు శుభ్రంగనే ఉండె. నేను కృప ఇంటిని, వాళ్ళ మనుషులను అన్న. కులం చూసి అన్న. తప్పు. కృపా, నన్ను మన్నించుమని అడుగుతలేను. అది నీ ఇష్టం. నేనన్నది తప్పని అందరి ముందల చెప్తున్న."

కృప ఆమెవైపు చూసి ఒక్కసారి తల ఊపింది. కళ్ళల్లో నీళ్ళేమీ లేవు. మాలతి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తాను చేయలేననుకున్న పని చేసింది. అయిపోయింది. ఊపిరి పీల్చుకుని, "సరే, పని మొదలుపెడదాం," అనబోయింది.

"నన్ను గూడ అన్నరు మేడం."

సుప్రియ. కూర్చునే ఉంది. పుస్తకం మీద చెయ్యి అలాగే ఉంది. ఈ పిల్ల రెండేళ్ళలో అడిగితే తప్ప నోరు విప్పింది లేదు.

మాలతికి అర్థం కాలేదు. "నిన్నా? ఎప్పుడు?"

"పోయిన సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్షల ముందు. బయట వాన పడుతుండె, అందరం ఆ చిన్న రూముల కూసుని తింటుంటిమి."

మాలతి జ్ఞాపకం చేసుకోవాలని చూసింది. వాన, చిన్న గది, పిల్లలు తినడం. అలాంటి రోజులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ విడిగా గుర్తుకు రావడంలేదు.

"ఏమన్ననమ్మా?"

"మీ డబ్బా ఇక్కడ తెరువొద్దు, వాసనొస్తది అన్నరు." సుప్రియ గొంతు పెద్దది చేయలేదు. "నేను మూత తియ్యనే లేదు మేడం. ఆ రోజు నాది పప్పన్నం. వరండాల నిలబడి తిన్న."

మాలతి కృపవైపు చూసింది. కృప ముఖంలో ఆశ్చర్యం లేదు. పక్కనున్న అమ్మాయి ముఖంలోనూ లేదు. ఆ గదిలో ఈ సంగతి తెలియనిది తనకొక్కదానికే అన్నట్టు ఉంది. మంగళవారం అన్న మాటను ఇన్నిరోజులూ ఒక్క మాట అనుకుంది. నిద్రలేక, తొందరలో నోటికొచ్చిన ఒక్క మాట అని. దాన్ని దిద్దుకోవడానికి బస్సెక్కి వెళ్ళి వచ్చింది.

"నాకు గుర్తు లేదు సుప్రియా," అంది.

"తెలుసు మేడం."

వెనక సింకు దగ్గర నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. మాలతి టేబుల్ అంచు పట్టుకుంది.

"ఇంకెవరినన్న అన్ననా?" అని అడిగింది.

సింకు దగ్గర గోవిందు నల్లా కట్టేసి, చేతిలోని సీసాను బల్ల మీద బోర్లించి, ఇటు తిరిగాడు.